పేరుకే ఎర్త్

నేను ఒక వెల్డింగ్ మిషన్ని. కడుపు నిండా నూనె, కింద నాలుగు ఇనప చక్రాలు, బరువు ఓ మోస్తరు గేదె దూడంత. ఈకాలం మిషన్లని భుజానికి తగిలించుకుని మెట్లెక్కేస్తున్నారు. నన్ను కదపాలంటే నలుగురు మనుషులు రావాలి, వాళ్లలో ఇద్దరైనా నన్ను తిట్టుకోవాలి. ఆ మాత్రం పరువు లేకపోతే బతుకెందుకు!

నా మొదటి కొలువు ఒక పంచదార ఫ్యాక్టరీ రిపేరు షెడ్డులో. అక్కడివాళ్లు నా ఒంటికి బోల్టు బిగించి, దానికో రాగిపట్టీ తగిలించి నేలలోకి దింపారు. నా లోపలి తీగ ఎక్కడైనా తొడుగు ఊడి నా ఒంటికి ఆనితే, ఆ కరెంటు మనుషుల మీదికి పోకుండా భూమిలోకి పోవడానికి ఆ ఏర్పాటు. ఫ్యాక్టరీ మూతబడి నన్ను వేలానికి పెట్టారు. పాట ముగిసేలోపే ఆ పట్టీ మాయం. రాగి కదా మరి! ఇనుముని ఎత్తుకుపోవాలంటే నలుగురు కావాలి, రాగికి ఒక్కడు చాలు.

వేలంలో నన్ను పాడుకున్నవాడు అనకాపల్లి సన్యాసిరావు. గేట్లు, కిటికీ ఊచలు, ట్రాక్టరు తొట్లు చేస్తాడు. చెయ్యి మంచిది, నోరు పెద్దది. అతని భార్య నూకరత్నం షాపులో కొలతలు చూస్తుంది, రంగులేస్తుంది, బేరాలాడుతుంది. ఆవిడ బేరానికి దిగితే సన్యాసిరావు బయటికెళ్లి టీ తాగొస్తాడు. నూకరత్నానికి నేనంటే ప్రాణం. ప్రతి శుక్రవారం చెప్పులు విప్పి, తడిగుడ్డతో నా ఒళ్లు తుడిచి, పసుపు రాసి బొట్టు పెడుతుంది. అదీ నేను గుయ్యిమని మోగుతుండగానే. "పడుకున్నోళ్లకి బొట్టెడితే ఏటి లాభం?" అంటుంది.

చిక్కంతా అక్కడే వచ్చింది. మొన్నటి వానాకాలం నుంచి నా లోపల, కేబులు ఒంట్లోకి దూరే చోట, రబ్బరు తొడుగు బీటలు తీసింది. కొద్దికొద్దిగా కరెంటు నా ఒంటికెక్కుతోంది. ఓ శుక్రవారం ఆవిడ చెయ్యి జల్లుమంది. ఆవిడేం చెయ్యాలి? గబుక్కున వెనక్కి తగ్గి మొగుణ్ణి పిలవాలా వద్దా? అబ్బే! లెంపలేసుకుంది.

"మిషన్లో అమ్మ ఉందయ్యా, చెయ్యి జల్లుమంది!"

"నాకెప్పుడూ కొట్టనేదే?" అన్నాడు సన్యాసిరావు. ఎందుకు కొడుతుందయ్యా, రబ్బరు చెప్పులతో పుట్టినట్టు తిరుగుతావు! భక్తితో చెప్పులు విప్పేది ఆ మహాతల్లి ఒక్కతే.

మరుసటి వారం మహిమ పెరిగిందని ఇంకాస్త నీళ్లు చల్లింది. నేను ఎంత జల్లుమనిపిస్తే ఆవిడ అంత తడుపుతుంది. ఆవిడ ఎంత తడిపితే నేను అంత జల్లుమనిపిస్తాను. నాకు నోరుంటే గోలెట్టేసేవాణ్ణి. ఆ బీట ఇంకాస్త విచ్చిందంటే నాకు బొట్టు పెట్టే చెయ్యి నా మీదే ఉండిపోతుంది. శుక్రవారం వస్తోందంటే నాకు వణుకు పుట్టేది.

నా అదృష్టం కొద్దీ ఆవిడ తమ్ముడు గౌరీశు వచ్చాడు. చోడవరంలో మోటార్లకు రివైండింగ్ చేసుకుంటాడు. అక్క గర్వంగా మహిమ సంగతి చెబుతుంటే, అక్కడే అన్నం తింటున్న గౌరీశు నోట్లో పెట్టుకోబోయిన ముద్ద పళ్లెంలో పడేసి లేచాడు. జేబులోంచి టెస్టరు తీసి నా ఒంటికి ఆనించాడు. అది ఎర్రగా వెలిగింది.

"బావా! మిషన్‌కి ఎర్త్ ఏదీ?"

"కళ్లు కనబడ్డం నేదేట్రా?" అని సన్యాసిరావు నా నుంచి వచ్చే తీగని వెల్డింగ్ చేస్తున్న గేటుకి బిగించిన పట్టకారు చూపించాడు. "అదేటి మరి? ఎర్త్ కాదా?"

నిజమే, వెల్డింగోళ్లంతా దాన్ని ఎర్త్ అనే పిలుస్తారు.

"పేరుకే ఎర్త్ బావా అది! గేటు మీద పనిచేసిన కరెంటు మిషన్లోకి తిరిగొచ్చే తీగ. మిషన్ ఒంటిని నేలకి కలిపే తీగ ఏదీ అంటన్నాను."

"ఎర్త్ అన్నాక ఎర్త్ కాకుండా పోతదేట్రా?"

"నీ పేరు సన్యాసిరావు. మా అక్కని చేసుకుని ముగ్గుర్ని కన్నావు కదా!"

నూకరత్నం నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. ఎవరైనా సన్యాసిరావు నోరు మూయించడం నేను చూసింది ఆ ఒక్కసారే.

గౌరీశు ముందు మెయిన్ కట్టేసి, ఫ్యూజులు పీకి తన జేబులో వేసుకున్నాడు. "ఇవి నా దగ్గరుంటేనే నాకు ధైర్యం" అన్నాడు. మూత విప్పి కేబులు పట్టుకోగానే రబ్బరు పాత అప్పడంలా పొడిపొడి అయిపోయింది. దాన్ని తీసేసి కొత్త కేబులు లాగాడు, చివర్లకి లగ్గులనే రాగి తొడుగులు నొక్కాడు, ఒంట్లోకి దూరే చోట మెత్తని రబ్బరు కాలరు తొడిగాడు. బోల్టు దగ్గర నా రంగంతా ఆకురాయితో గీకి, ఇనుము తళతళ్లాడాక పచ్చతీగ బిగించాడు. కరెంటు దారి తప్పితే టక్కున పడిపోయే స్విచ్చొకటి గోడకి పెట్టాడు. షాపు వెనక గొయ్యి తవ్వి, గొట్టం దింపి, పచ్చతీగ రెండో కొస దానికి బిగించి, చుట్టూ ఉప్పూ బొగ్గూ పోసి నీళ్లు కొట్టాడు.

"ఉప్పేస్తన్నావు, ఆవకాయెడతన్నావేట్రా?" అన్నాడు సన్యాసిరావు. పాపం, ఇందాకటి మాటకి బదులు తీర్చుకోవాలిగా!

వెళ్తూ వెళ్తూ గౌరీశు రెండు మాటలు చెప్పాడు. స్విచ్చు కట్టేశాకే బొట్టు పెట్టాలి. దసరాకి కొబ్బరికాయ నా మీద కొట్టకూడదు. ఇద్దరూ బుద్ధిగా తలలూపారు.

దసరా వచ్చింది. గౌరీశు కూడా వచ్చాడు. దండలు వేశారు, పులిహోర వండారు. పండగపూట మిషన్ మోగకపోతే ఎలాగని సన్యాసిరావు స్విచ్చు వేశాడు. ఆ రోజు అతనూ చెప్పులు విప్పాడు. నూకరత్నం తడి అరచెయ్యి నిండా పసుపుతో నా వీపు మీద ఆనించింది. "ఆగు బావా!" అని గౌరీశు అరిచేలోపే, "మిషన్‌కి కొట్టాల్సిన కాయ గడపకి కొడతారేటి?" అంటూ సన్యాసిరావు నా అంచు మీద కాయ కొట్టేశాడు. నీళ్లు నాలో కేబులు దూరే తీగల పెట్టె మూత సందులోకి పోయాయి.

టక్. గోడమీద స్విచ్చు పడిపోయింది. నా గుయ్యి ఆగిపోయింది.

ఆవిడ అరచెయ్యి ఇంకా నా వీపు మీదే ఉంది.

"ఏటయ్యింది? అమ్మ ఊరుకుందేటి?" అంది.

గౌరీశు ఆవిడ చేతిని నా మీంచి లాగేశాడు. "ఊరుకోబట్టే నువ్వు అడగ్గలుగుతున్నావే అక్కా" అన్నాడు. సన్యాసిరావు చేతిలో మిగిలిన చిప్పని చూశాడు, పెళ్లాం చేతిని చూశాడు. షాపు వెనక్కెళ్లి, ఆ చిప్పలో మిగిలిన నీళ్లు గొయ్యిలో పోసి, గొట్టానికి దణ్ణం పెట్టాడు. తిరిగొస్తూ కళ్లు తుడుచుకోవడం నేను చూడలేదనుకుంటాడు.

ఇప్పుడు శుక్రవారం ముందు స్విచ్చు కట్టేస్తారు, తరవాత గొయ్యికి ఓ చెంబు నీళ్లు, ఆ తరవాతే నాకు బొట్టు. పడుకున్నప్పుడు బొట్టు పెట్టించుకోవడం కాస్త నామోషీయే. పక్క షాపావిడ వచ్చి, "మీ మిషన్‌కి ఏదో మహిమంట కదా?" అనడిగితే నూకరత్నం చెయ్యి అడ్డంగా ఊపుతుంది.

"ఇప్పుడేం నేదమ్మా, ఎర్త్ ఎట్టించేసాం" అని నా వీపు తడుతుంది.

నేను హాయిగా ఊరుకుంటాను.