అరవై దగ్గర వణుకు

స్పీడోమీటరు ముల్లు అరవై మీద నిలబడగానే చేతులు వణకడం మొదలైంది.

ఆమె స్టీరింగును గట్టిగా పట్టుకుంది. వణుకు మోచేతుల దాకా పాకింది. పట్టు సడలించింది. తగ్గలేదు. యాక్సిలరేటరు కాస్త నొక్కింది. ముల్లు డెబ్భై దాటిందో లేదో, ఎవరో స్విచ్చి కట్టేసినట్టు వణుకు మాయమైంది. మళ్లీ అరవైకి దించి, కాలు తేలిక చేసి తిన్నగా పోనిచ్చింది. నిమిషం తిరక్కుండా మళ్లీ మొదలు.

వెనక సీట్లో చల్లటి పెట్టె, అందులో రక్తం నింపిన గొట్టాలు. చిన్న ఆసుపత్రుల నుంచి పెద్ద ల్యాబుకి నమూనాలు మోసే కారు అది. కుదిపితే రక్తం చెడిపోతుంది. అందుకని నిద్రపోతున్న పసిపిల్ల మీద దుప్పటి కప్పినంత మెల్లగా కాలు పెడుతుంది ఆమె. తోటి డ్రైవర్లు ‘నత్త’ అని పేరు పెట్టారు. ఇన్నేళ్లలో ఒక్క గొట్టం పాడవలేదు కనక ఆ పేరంటే ఆమెకి కోపం లేదు సరికదా, లోలోపల కొంచెం గర్వం కూడా.

ఇప్పుడు నత్తకి భయం పట్టుకుంది. కారంటే కాదు, చేతులంటే.

ఆమె తండ్రి గడియారాలు బాగుచేసేవాడు. ఆయన వణుకూ ఇలాగే మొదలైంది. పనిలో ఉన్నంతసేపు చెయ్యి రాయిలా నిలిచేది. పట్టకారు కింద పెట్టి చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడా, బొటనవేలు దానంతటదే ఆడేది. ఊరికే ఉంటే వణుకు, పని చెబితే మాయం. పోయే ముందు రెండేళ్లూ ఆయనకి కూతుళ్లే అన్నం తినిపించారు.

కాలు గట్టిగా నొక్కితే మాయం. తేలిగ్గా వదిలేస్తే వణుకు. అచ్చం నాన్నే.

ఆ మధ్యాహ్నమే కారును అక్క మొగుడి షెడ్డుకి తోలుకెళ్లింది. ఆయన మెకానిక్కు. నోటికీ చేతికీ ఖాళీ ఉండని మనిషి.

“అరవై దగ్గర వణుకుతోంది బావా” అంది. కారు అనలేదు, చేతులు అనలేదు.

“పక్కకి జరుగు. నువ్వు తోలితే రోడ్డెక్కేసరికి చీకటి పడుద్ది.”

ఆయన తొక్కిన తొక్కుడికి కారు ఎగిరి దూకింది. ఎనభై. నలభై. మళ్లీ అరవై. ఆయన కాలు ఒకచోట నిలవదు. పాటకి తాళం వేస్తున్నట్టు నొక్కుతాడు, వదులుతాడు.

“ఏదీ నీ వణుకు?”

“అరవై దగ్గర...”

“అరవైలోనేగా ఉన్నాం!”

నిజమే. ముల్లు అరవై మీదే ఉంది. కారు మాత్రం చెరువులో పడవలా పోతోంది.

షెడ్డుకొచ్చి చిన్న యంత్రం తగిలించి చూశాడు. లోపమేమీ చూపలేదు. అయినా ప్లగ్గులు మార్చాడు, చక్రాలకి బ్యాలెన్సింగు చేశాడు. మర్నాడు పొద్దున ఆమె ఎక్కింది. అరవై. వణుకు.

మళ్లీ షెడ్డుకి. మళ్లీ ఆయనే తోలాడు. మళ్లీ ఏమీ లేదు.

“మరదలా, బండికి జబ్బు లేదు. ఉంటే గింటే నీకే ఉండాలి” అని పకపకా నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆయన అది గమనించలేదు.

ఆఫీసులో సూపర్వైజరు ఆమె గోల విని, కారును ఒకపూట ఇంకో డ్రైవరుకిచ్చి పంపాడు. స్టీరింగు ముందు కూర్చుంటే గాలితో పందెం వేసే రకం అతను. తిరిగొచ్చి తాళాలు బల్ల మీద పడేశాడు.

“వెన్నలా ఉందండీ బండి. ఈవిడకేమయిందో!”

సూపర్వైజరు కళ్లజోడు పైనుంచి ఆమె చేతుల వంక చూశాడు. “ఏమ్మా, ఒంట్లో బానే ఉందా? శుక్రవారం కంపెనీ డాక్టరొస్తున్నాడు, గుర్తుందిగా. ఏదన్నా ఉంటే దాచకు. రోడ్డు మీద తేడా వస్తే నీ ఒక్కదాని ప్రాణంతో పోయేది కాదు.”

చేతులు సరిగ్గా లేని డ్రైవరుకి స్టీరింగు ఇవ్వరు. ఆమెకి వచ్చిన పని అదొక్కటే.

ఆ సాయంత్రం ఆఫీసులో ఖాళీగా ఉన్న ఇంకో కారు అడిగి తీసుకుంది. పాత మోడలు. అదే రోడ్డు, అదే అరవై, అదే తేలిక కాలు. వణుకు లేదు. గుండె మీంచి బండరాయి దింపినట్టయింది. తప్పు కారుదే!

ఇంటికొచ్చి కుర్చీలో కూలబడి చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. బొటనవేలు కదిలింది.

కదిలిందా? ఊపిరి బిగబట్టి చూసింది. లేదు. ఉంది. లేదు. అంతసేపు చూస్తే గోడకి కొట్టిన మేకు కూడా కదులుతున్నట్టే ఉంటుంది. కారు దోషి అనుకుంటే వేలు అడ్డొస్తోంది. వేలు దోషి అనుకుంటే పాత కారు అడ్డొస్తోంది. బావ తోలితే అదే కారు ముత్యంలా ఉంటోంది. ఏ చివర పట్టుకున్నా చిక్కు విడలేదు.

మర్నాడు షెడ్డులో బావ చేతిలోని స్పానరు లాక్కుని అడిగింది. “నాన్న చేతులు గుర్తున్నాయా బావా?”

ఆయన ముఖంలో నవ్వు చప్పున ఆరిపోయింది. మామగారికి చివర్లో గడ్డం గీసింది ఆయనే.

“ముందే చెప్పొద్దటే పిచ్చిదానా!” చేతులు తుడుచుకున్నాడు. “పద. ఈసారి నువ్వు తోలు. నేను పక్కన కూచుంటా.”

ఆ పని ఇన్నాళ్లూ ఒక్కసారి కూడా చెయ్యలేదు. మెకానిక్కు బండిని పక్క సీట్లోంచి చూడడు.

ఊరు దాటారు. రోడ్డు చదునుగా సాగింది. అరవై. ఆమె కాలు తేలికైంది. వణుకు మొదలైంది. ఆమె నోరెత్తలేదు. ముందుకే చూస్తోంది. పక్కనుంచి మాట లేదు. ఆయనకి తెలియడం లేదన్నమాట. అంటే...

“ఆపకు” అన్నాడు బావ గొంతు తగ్గించి. రెండు అరచేతులూ డ్యాష్‌బోర్డు మీద పరిచి ఉన్నాయి. “ఇలాగే పోనీ. కాలు కదపకు. ఎప్పుడూ ఇంత మెత్తగానే తొక్కుతావా?”

“వెనక రక్తం ఉంటుంది బావా.”

“అదీ సంగతి! దీనికి నాలుగు సిలిండర్లు. బరువు లేకుండా ఒకే తీరున పోతుంటే, పెట్రోలు మిగులుద్దని బండిలోని కంప్యూటరు రెండింటిని పని ఆపి పడుకోబెట్టుద్ది. పెద్ద ఇంజన్లో రెండు పడుకున్నా తెలీదు. నాలుగింట్లో రెండంటే మంచానికి రెండు కోళ్లు తీసేసినట్టే. నాలాంటోడు తొక్కితే వాటికి కునుకు తీసే సందే ఉండదు.”

“అయితే ఈ వణుకు మామూలేనా?”

“ఇంతుండకూడదు. ఏదో ఒకటి సరిగ్గా పడుకోవట్లేదు, లేవట్లేదు.”

ముందు ఇసుక లారీ ఈడుస్తూ పోతోంది. అవతల రోడ్డు ఖాళీ. ఆమె సిగ్నలు వేసి పక్కకి తీసి తొక్కింది.

కారు లాగలేదు.

ఇంకా తొక్కింది. ఇంజను గట్టిగా మూలిగింది తప్ప లారీ పక్కనుంచి ఒక్క అడుగు ముందుకు పోలేదు. మలుపులోంచి బస్సొకటి ఊడిపడింది.

“తొక్కవే!”

“తొక్కుతూనే ఉన్నా!”

బస్సు హారను చెవులకి చిల్లులు పొడిచింది. ఆమె తొక్కడం మానేసింది. బ్రేకు నొక్కి, లారీ తోక దాటనిచ్చి, సందు దొరగ్గానే దాని వెనక్కి దూరింది. బస్సు అద్దాన్ని రాసుకున్నంత దగ్గరగా పోయింది.

కొంత దూరం పోయాక రోడ్డు పక్కన ఆపింది. బావ నీళ్ల సీసా మూత తియ్యబోయి మూడుసార్లు జార్చాడు.

“పడుకున్నవి లేవలేదు” అన్నాడు. తర్వాత ఆమె చేతుల వంక చూశాడు. “నీ చేతులు చూసుకో పిల్లా. నావి చూడు, నీవి చూడు. ఏ జబ్బూ లేదు నీకు!”

చూసుకుంది. స్టీరింగు మీద రెండూ రాళ్లలా ఉన్నాయి. ఆనందం పొంగబోయి మధ్యలోనే ఆగిపోయింది. పనిలో ఉన్నప్పుడు నాన్న చేతులూ ఇలాగే ఉండేవి.

షెడ్డులో ఇంజను మూత విప్పి, నూనెలో వేలు ముంచి, రెండు వేళ్ల మధ్య సాగదీసి చూశాడు బావ. “ఏ వెధవ పోశాడే ఈ నూనె? జిగురులా ఉంది.”

“నువ్వే, పోయినసారి సర్వీసుకి.”

ఆయన వేళ్లు గుడ్డకి తుడుచుకున్నాడు. “మరదలి బండి కదా, చిక్కటిదైతే ఇంజనుకి బలమని... ఆ సిలిండర్లని పడుకోబెట్టేదీ లేపేదీ ఈ నూనె ఒత్తిడే. లోపల సన్నటి పిన్నులుంటాయి. అవి ఇందులో ఇరుక్కుపోయాయి. మీ అక్కకి చెప్పకు.”

“నేను చెప్పను. నీ ముఖమే చెబుతుంది.”

పిన్నులు మార్చాడు, లోపలంతా కడిగాడు, కంపెనీ చెప్పిన పల్చటి నూనె పోశాడు. గురువారం ఆమె అదే రోడ్డు మీద అరవైలో తోలింది. స్టీరింగు చల్లగా, నిశ్చలంగా ఉంది. ఎప్పుడు రెండు పడుకున్నాయో, ఎప్పుడు లేచాయో తెలియనే లేదు. లారీని దాటబోతే కారు చెప్పిన మాట విన్నట్టు ముందుకు దూకింది.

“ఇంకేం, దొంగ దొరికాడు” అన్నాడు బావ. “రేపు డాక్టరు దగ్గర నోరు మెదపకు. లేనిపోనిది కొనితెచ్చుకోకు.”

“ఒక దొంగ దొరికాడు బావా. ఇద్దరున్నారేమో, నాకెట్లా తెలుస్తుంది?”

శుక్రవారం డాక్టరు కళ్లు చూశాడు, రక్తపోటు చూశాడు. “ఇంకేమైనా ఇబ్బందులున్నాయా?” అని తలెత్తకుండానే అడిగాడు. లేవంటే అయిపోతుంది. తలుపు రెండడుగుల దూరంలో ఉంది.

“చేతులు వణుకుతున్నాయో లేదో నాకు తెలియడం లేదండీ” అంది. “మా నాన్నకి ఉండేది. మీరే చూసి చెప్పండి.”

డాక్టరు తలెత్తాడు. కుర్చీ దగ్గరకి లాక్కున్నాడు. “చేతులు ఒళ్లో పెట్టుకోండి. వదిలెయ్యండి. వాటిని చూడకండి, నన్ను చూడండి. నూరులోంచి ఏడేసి తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టండి.”

“నూరు. తొంభై మూడు. ఎనభై... ఆరు.” చూడొద్దన్న చోటికే కళ్లు లాగుతున్నాయి. “డెబ్భై తొమ్మిది. డెబ్భై... మూడు? కాదు. డెబ్భై ఒకటి...”

ఆయన ఆమె ఒడి వంకే చూస్తున్నాడు. ఎంతసేపు చూశాడో. మణికట్లు పట్టుకుని వంచి చూశాడు. గదిలో అటూ ఇటూ నడిపించాడు.

“ఇప్పటికైతే నాకేమీ కనబడలేదు” అన్నాడు చివరికి. “బండి తోలుకోండి. ఏడాదికోసారి వచ్చి చూపించుకోండి.”

బయట బెంచీ మీద బావ, గోళ్లు కొరుక్కుంటూ. చటుక్కున లేచాడు. “ఏమన్నాడే?”

“చేతుల్లో ఏమీ కనబడలేదంట.”

“మరి ముఖం అలా పెట్టావేం?”

“లోపల ఒక లెక్క తప్పాను. డెబ్భై తొమ్మిదిలోంచి ఏడు పోతే ఎంత బావా?”

బావ నోరు తెరిచాడు, వేళ్లు ముడిచాడు, విప్పాడు. “డెబ్భై... ఆగు. ఎందుకూ?”

ఆమెకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండింట్లో ఏది ముందో తేల్చుకోలేక తాళాలు తీసుకుని కారు వైపు నడిచింది. పొద్దుటి నమూనాలు ఇంకా ఎత్తలేదు.