మూడో ఫిల్ము

నవంబరు పద్నాలుగు. ఆ ఉదయం నిరంజన్ రాత్రి మిగిలిన అన్నంలో ఉల్లికారం కలుపుకొని తిన్నాడు. భార్య కౌసల్య పోయి రెండేళ్లయినా ఇద్దరికి వండే అలవాటు పోలేదు.

మహబూబాబాద్‌లోని ఎక్స్‌రే గదిలో అతడిది ఇరవై ఆరేళ్ల ఉద్యోగం. తొమ్మిదింటికల్లా గంగారం దిక్కు తండా నుంచి గంగి వచ్చింది, వెంట కొడుకు మోతీలాల్. ఆమెకు ఇది మూడో ఫిల్ము. మొదటిసారి పడుకోబెట్టి తీస్తే మోకాలి ఎముకల మధ్య సందు నాలుగు మిల్లీమీటర్లు. రెండోసారి నిలబెట్టి తీస్తే, నిరంజన్ స్కేలుకు మూడు, డాక్టరు స్కేలుకు మూడున్నర. కీలు అరిగేకొద్దీ సందు తగ్గుతుంది; అది రెండు దాటితే జనగామలో పెట్టే శిబిరంలో ఆపరేషన్ లేదు, మాత్రలే.

"నొప్పి లేదు, ఏం లేదు సార్," అన్నాడు మోతీలాల్. "సంతకు పోదమంటె ముందుగాల ఉరుకుతది. పత్తి ఏరుమంటెనే మోకాలు యాదికొస్తది."

"నీ కాలు నాకియ్యి బిడ్డా, నా కాలు నువ్వు పెట్టుకో. పొద్దుమూకినంక మాట్లాడుదం," అంది గంగి.

నిరంజన్ ఆమె నిలబడిన తీరు చూశాడు. చేయి గోడకు ఆనించి, బరువంతా కుడివైపు తోసి, నొప్పి ఉన్న ఎడమకాలిని నేలకు తాకీ తాకనట్టు ఉంచింది. బరువు పడని మోకాలిలో సందు కనిపించక ఏమవుతుంది? రెండు కాళ్ల మీద నిలబడమంటే, నిలబడ్డాననే అంటోంది.

కిరణాలు తగలకుండా తాను తొడుక్కునే సీసపు ఆప్రాన్‌ను కొక్కేనికి నుంచి తీసి, మడిచి, ఆమె తల మీద పెట్టాడు.

"గిదేంది సార్, గింత బరువు?"

"నీళ్ల బిందె అనుకో అవ్వా."

గంగి నడుము నిటారైంది. చేయి గోడను వదిలింది. నలభై ఏళ్లు మోతలు మోసిన ఒళ్లు రెండు పాదాలనూ సమంగా నేలకు దించింది. ఆమె పెదవి కొరుక్కుంది. అతడు మీట నొక్కాడు.

ఈసారి సందు లేదు. ఎముక మీద ఎముక. అతడు రెండుసార్లు కొలిచాడు, డాక్టరు విడిగా కొలిచాడు. లెక్క మారలేదు. జనవరి శిబిరం జాబితాలో గంగి పేరెక్కింది.

"నేను అబద్ధం ఆడలేదని గా ఫిల్ముల కనవడ్తదా సార్?"

"కనవడ్తది అవ్వా."

మోతీలాల్ వెలుగుతున్న తెర మీది ఫిల్మును దగ్గరికి వెళ్లి చూశాడు. వెళ్లేటప్పుడు తల్లి సంచి అడగకుండానే తన భుజానికి వేసుకున్నాడు.

డిసెంబరు చివర ఒక సాయంత్రం అతడొక్కడే వచ్చాడు.

"అవ్వేది?"

"పోయింది సార్. నాలుగు దినాల జరం." మోతీలాల్ బెంచీ అంచున కూర్చున్నాడు. "ఆ దినం సంది చేన్లకు రమ్మనలే. వాకిట్ల మంచమేసి కూసోవెట్టిన. వచ్చినోళ్లకల్లా చెప్పేది, సార్ నా నొప్పి చూసిండని."

మోతీలాల్ లేచి, తెచ్చిన ప్లాస్టిక్ సంచి అతడి చేతికిచ్చాడు. "అనపకాయలు. తీగ అవ్వ పెట్టిందే. మీకియ్యుమన్నది."

చీకటి పడుతుండగా ఇంటికి చేరి, నిరంజన్ చప్పుడు కాకుండా తలుపు మూశాడు. వంటగది గట్టు మీద సంచి మూతి విచ్చుకొని ఉంది. లోపల ఒక గుత్తికి ఇంకా ఊదా పువ్వు అంటుకొని ఉంది.