చుక్క ఎడమకు తిరగదు

నేను ఒక కళ్ళేన్ని. పనిలో ఉన్నంతసేపూ గుర్రం నోట్లో ఉంటాను. మిగతా వేళల్లో సన్యాసిరావు ఇంటి ముందుగదిలో మేకుకు వేలాడతాను. ఆ గదిలోనే అన్నాలు తింటారు, ఆ గదిలోనే తగువులు పడతారు. కాబట్టి నాకు తెలియని సంగతంటూ లేదు.

"పొగరే అది. నువ్వెన్ని సెప్పినా పొగరే," అంటున్నాడు సన్యాసిరావు, అన్నంలో పప్పు కలుపుకుంటూ.

"కాదు. నొప్పి," అంది అతని భార్య నూకరత్నం.

"ఎక్కడే? ఏదీ, సూపించు."

"సూపించడానికి దానికి మాటలొచ్చేటి?"

ఇది ఆ పూట మొదలైన తగువు కాదు. గుర్రం పేరు చుక్క. విశాఖ బీచ్‌లో పిల్లల్ని ఎక్కించుకుని తిప్పడం దాని పని. ఆ పనితోనే ఇల్లు గడుస్తుంది. ఇన్నేళ్ళూ బుద్ధిగా తిరిగిన గుర్రం ఈమధ్య ఎడమకు తిప్పితే తిరగడం లేదు. తల ఎగరేస్తుంది, వెనక్కి నడుస్తుంది. సన్యాసిరావు బెత్తం వాడి చూశాడు. అది ఇంకా వెనక్కి నడిచింది. పోయిన ఆదివారం ఒక పిల్లాడు జీను మీంచి జారి ఇసకలో పడ్డాడు. దెబ్బేమీ తగల్లేదు గానీ, వాళ్ళమ్మ అరుపుకు ముంతకింద పప్పు బండ్లవాళ్ళు కూడా పని ఆపేశారు. ఆ సాయంత్రమే సన్యాసిరావు చుక్కను అమ్మేస్తానన్నాడు. కొనడానికి ఇటుకబట్టీ అప్పన్న సిద్ధంగా ఉన్నాడు. అప్పన్న దగ్గర ఏ గుర్రమూ ఎదురు తిరగదు. ఎందుకు తిరగదో బట్టీ వైపు వెళ్ళి చూసినవాళ్ళకు తెలుసు. నూకరత్నం వెళ్ళి చూసింది. తల్లి చచ్చిపోయిన చుక్కకు సీసాతో పాలు పట్టి పెంచింది ఆవిడే.

ఇక నా సంగతి. విజయనగరంలో ఒక కమ్మరి కొలిమిలో రెండు ఇనప కడ్డీలుగా పుట్టి, నడిమిన కీలు పడి ఒకటయ్యాను. మొదట పెళ్ళిళ్ళ గుర్రానికి పెట్టారు. పుట్టి బుద్ధెరిగి గుర్రమెక్కని పెళ్ళికొడుకులు పైకెక్కి, రాజుల్లా నడుం నిటారుగా పెట్టి, రెండు చేతులా జూలు పట్టుకునేవాళ్ళు. ఎంత బాజా మోగినా గుర్రం బెదరకపోతే, "మర్యాద తెలిసిన గుర్రం" అని మెచ్చుకునేవాళ్ళు. దానికి చెవుడు. తర్వాత ఒక మోతుబరి చేతికి వచ్చాను. ఆయన గుర్రానికి జోరీగలు కుట్టేవి, అది గంతులేసేది. ఆయన దాన్ని హుషారు అనేవాడు. గుర్రం ఏం చేసినా దానికి పేరు పెట్టేది మాత్రం పైన కూర్చున్నవాడే. నోట్లో ఉన్న నన్ను ఎవరూ ఏమీ అడగరు.

అడిగితే చెప్పేదాన్ని. చుక్క ఎడమ దవడలో వెనకపళ్ళు ఏటవాలుగా అరిగి, అంచులు కత్తిపీటలా తేలాయి. ఎడమ పగ్గం లాగినప్పుడల్లా నేను బుగ్గను తీసుకెళ్ళి ఆ అంచుకు ఒత్తుతున్నాను. లాగినవైపు పోవడమే నా ఉద్యోగం.

గుర్రాన్ని పరీక్ష చేయలేదని అనడానికి లేదు. సన్యాసిరావు తమ్ముడు గౌరీసు ఆ పని చేశాడు.

"ఈపు నొక్కి సూసినాను వదినా, కాళ్ళు సూసినాను. గిట్టల్లో రాయి కూడా లేదు. మెడ మీద సుడి ఉంది సూడు, అదీ తేడా. మంచి సుడి కాదది."

"ఆ సుడి పుట్టినకాడ్నించీ ఉంది గౌరీసూ. ఇన్నేళ్ళూ నిద్రోయిందేటి?"

మధ్యాహ్నం అప్పన్న వచ్చాడు. బేరానికి చూపించడానికి సన్యాసిరావు నన్ను చుక్క నోట్లో పెట్టి బయటికి తెచ్చాడు. చుక్క పెదవి పైకెత్తి ముందుపళ్ళు చూశాడు. "వయసులోనే ఉంది. రేపు పొద్దున్న తోలుకుపోతాను," అని పెదవి వదిలేశాడు. గుర్రం నోరు తెరిచిన ప్రతివాడూ వయసు చూసుకుని మూసేస్తాడు.

అతను వెళ్ళాక, పెరట్లో మునగాకు దూస్తున్న ఎర్నమ్మ కోడల్ని కేకేసింది. సన్యాసిరావు తల్లి ఆవిడ. గడ్డితొట్టి కింద ఏరిన పచ్చటి ముద్దలు ఆవిడ అరచేతిలో ఉన్నాయి.

"ఓలమ్మా, ఇయ్యేటే? ఆకూవక్కా నమిలి ఉమ్మేసినట్టు?"

"గడ్డే అత్తా. మింగలేదు."

"మింగడమేటి, నమల్లేదు. మేసినప్పుడు సూడు, కుడిపక్కకే తోస్తంది. నాకు ఎడంపక్క పన్ను ఇరిగి గుచ్చుకున్నప్పుడు నానూ ఇలగే ఉమ్మీదాన్ని. ముసిల్దానికి కూర నచ్చలేదు, పెంకితనమని నీ మొగుడు కంచం తీసేసినాడు."

నూకరత్నం ఆ ముద్దల్ని మొగుడికి చూపించలేదు. గడ్డి చూసి మనసు మార్చుకునే మనిషి కాదతను. నన్ను చుక్క నోట్లోంచి తీసి మేకుకు తగిలించి, దాని ముక్కు మీదుగా మెత్తటి తాడు కట్టింది. వీధిలోకి నడిపించింది.

"మావా, ఒకపాలి ఎక్కు."

"కళ్ళెం లేకుండానా? నన్ను సంపుతావేటే?"

"బీచ్‌లో అంతమంది గుంటల్ని ఎక్కించినావు. నువ్వెక్కలేవా?"

సన్యాసిరావు ఎక్కాడు. గుమ్మంలోంచి నాకు బాగానే కనిపించింది. కుడికి తిప్పితే చుక్క కుడికి తిరిగింది. ఎడమకు తిప్పితే, ఏదో పాత అలవాటు గుర్తొచ్చినట్టు, ఎడమకు తిరిగింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ తిరిగింది.

"నువ్వు ఎదురుగున్నావని బయపడింది వదినా," అన్నాడు గౌరీసు.

నూకరత్నం లోపలికి వచ్చేసింది. చుక్క ఇంకోసారి ఎడమకు తిరిగింది.

"ఇప్పుడు కరెంటు స్తంభానికి బయపడినట్టుంది," అంది లోపల్నించే.

సన్యాసిరావు దిగాడు. గుర్రం పెదవి చివర వేలు పెట్టి, బుగ్గకూ పళ్ళకూ మధ్యకు మెల్లగా పోనిచ్చాడు. చుక్క తల ఎగరేసింది. వేలు బయటికి తీస్తే దాని కొసన నెత్తురుంది. అది తనదా, గుర్రానిదా అని పంచెకు తుడిచి చూశాడు. తనది కాదు.

బీచ్‌లో చుక్క పొగరు గురించి కథలు కథలుగా చెప్పినవాడు, వీధి కుళాయి దగ్గరికి వెళ్ళి చెయ్యి రెండుసార్లు కడుక్కున్నాడు.

సాయంత్రం అందరూ ముందుగదిలో కూర్చున్నారు. నూకరత్నం టీ గ్లాసులు అందించింది. సన్యాసిరావు సగం తాగి గ్లాసు కింద పెట్టాడు.

"రేపు అప్పన్నొస్తే గుర్రాన్ని ఇవ్వడం లేదని సెప్పండి. పసువుల డాక్టరుకి సూపించి ఆ పళ్ళు అరగదీయిస్తాను. అందాకా దాన్నెవరూ ఎక్కరు."

"ఆదివారమో?" అన్నాడు గౌరీసు.

"ఆదివారం కూడా."

"మరి బీచ్‌లో అందరికీ పొగరని సెప్పినావు కదన్నయ్యా. అడిగితే ఏటి సెప్తావు?"

సన్యాసిరావు తల్లి వైపు చూశాడు. భార్య వైపు మాత్రం చూడలేదు.

"నొప్పని సెప్తాను," అన్నాడు.