అరవై ఎడమ చేతులు

ఆ కుట్టు గదిలో ఒక పద్ధతి ఉండేది. గుడ్డ మీద కత్తెర పెట్టే ముందు అత్తగారు రెండు అరచేతులూ గుడ్డకు ఆనించి, కళ్లు మూసుకుని, ప్రభువుతో నాలుగు మాటలు మాట్లాడేది. తెగిన గుడ్డను మళ్లీ అతకడం ఎవరి తరమూ కాదు, అందుకే ముందే అడగాలి అనేది. చూపుతోనే నడుం కొలత చెప్పేస్తుందని వీధంతా ఆమెను కొలతలమ్మ అని పిలిచేవారు. ముప్పై ఏళ్లలో ఆమె ఒక్క గడువూ తప్పలేదు.

ఏడు నెలల క్రితం కొలతలమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. మంచం కుట్టు గదిలోనే కిటికీ పక్కన వేశారు. కత్తెర కోడలి చేతికొచ్చింది. దానితోపాటే ఇంటి పనీ, చిన్నదాని బడీ, అత్తగారి మందులూ స్నానమూ కూడా వచ్చాయి. మొగుడు లారీ డ్రైవరు, ఇంట్లో కంటే రోడ్డు మీదే ఎక్కువ. కాళ్లకు చక్రాలు కట్టుకున్నట్టు తిరిగేది పాపం. ఆ తిరుగుడులో కత్తెర ముందరి ప్రార్థన మొదట పొట్టిదైంది, తర్వాత నడుస్తూ నడుస్తూ గొణిగేదైంది, చివరికి లేకుండానే పోయింది. "నాకు తీరిక లేదని ప్రభువుకి తెలీదా ఏంటి" అని తనకు తానే సర్దిచెప్పుకునేది. ఆదివారం మందిరంలో కళ్లు మూసినా కాజాలూ గుండీలే కనిపించేవి. నవ్వొచ్చే సంగతే గానీ, ఆమె నవ్వి కూడా చాలా రోజులైంది.

ఇప్పుడు చేతిలో ఉన్నవి నర్సింగ్ స్కూలు వాళ్ల తెల్ల డ్రెస్సులు, ముప్పై. మర్నాడు ఉదయం ముప్పై మంది అమ్మాయిలు వాటిని తొడుక్కుని అందరి ముందూ నర్సులుగా ప్రమాణం చేయాలి. సాయంత్రం ఆరింటికి హాస్టల్ వార్డెన్ వచ్చి పట్టుకెళ్తుంది. మిగతా అంతా వారం నుంచీ కుట్టి పెట్టింది. చేతులు కత్తిరించి ఎక్కించడమే మిగిలింది.

పొద్దున ఎనిమిదింటికి గుడ్డను పొరలు పొరలుగా బల్ల మీద పరిచింది. వంటింట్లో కుక్కర్ కూస్తోంది, ఫోను మోగుతోంది. బడి సెలవు కాబట్టి చిన్నది బల్ల కింద పీలికలతో బొమ్మకు చీర కడుతోంది. ఇంతలో అత్తగారు ఎడమ చేత్తో మంచం పట్టెను టకటకా కొట్టడం మొదలుపెట్టింది.

"వస్తున్నా అత్తయ్యా, ఒక్క నిమిషం!" అంది కోడలు తలెత్తకుండా.

చప్పుడు ఆగలేదు.

"నీళ్లేగా, ఇస్తా, ఇదిగో అయిపోయింది!" అంటూనే దొంతరలన్నీ కోసేసింది.

మొదటి డ్రెస్సుకు ఎడమ చెయ్యి చక్కగా అమరింది. కుడివైపుకు ఇంకోటి తీసి పెట్టింది, అమరలేదు. మరోటి తీసింది, అదీ అంతే. అప్పుడు అర్థమైంది. చేతి ముక్కకు ముందువైపు వంపు లోతు, వెనకవైపు తక్కువ, అందుకే కుడి వేరు, ఎడమ వేరు. ఆ గుడ్డకు ఒకవైపు మెరుపు, రెండోవైపు మొద్దు. పొరలను మెరుపుకు మెరుపు ఎదురుగా వేస్తేనే కుడీ ఎడమా జంటగా తెగుతాయి. ఆమె తొందరలో ప్రతి పొరనూ మెరుపు పైకే ఉండేలా పరిచింది. తెగినవి అరవై. అరవయ్యీ ఎడమ చేతులే. తిరగేసి కుడితే మొద్దు వైపు బయటికొస్తుంది. మిగులు గుడ్డ జానెడు కూడా లేదు.

రేపు ఆ అమ్మాయిలు ఏం తొడుక్కుంటారు? కొలతలమ్మ ముప్పై ఏళ్లుగా నిలబెట్టిన మాటను తను ఒక్క పూటలో మంటగలిపింది. స్టూలు మీద కూలబడి, తెలియకుండానే రెండు అరచేతులూ ఆ కోసిన ముక్కల మీద పెట్టింది.

"ప్రభువా, తప్పు చేశాను. ఏం చెయ్యాలో తెలీదు. అలిసిపోయాను."

అది ప్రార్థనో ఫిర్యాదో ఆమెకే తెలియదు.

తర్వాత జరిగినదాన్ని ఆమె ఎప్పటికీ ఎవరికీ సరిగా చెప్పలేకపోయింది. కుక్కర్ కూస్తూనే ఉంది, ఎడమ చేతులు ఎడమ చేతుల్లాగే పడున్నాయి, గడియారం ఎవరి కోసమూ ఆగలేదు. కానీ లోపల మాత్రం, అల్లరి చేసే పిల్లల మధ్యకు పెద్దవాళ్లెవరో వచ్చి కూర్చున్నట్టు, అంతా సద్దుమణిగింది. ఏడు నెలలుగా ఎరగని నెమ్మది. భయపడాల్సిన వేళ భయం కోసం వెతుక్కుంటే అది దొరకలేదు. ఇంత దగ్గరగా ఉన్నావా తండ్రీ అనుకుంది.

కళ్లు తెరిచి చూస్తే, మంచం మీద అత్తగారు కళ్లు మూసుకుని ఉంది. ఎడమ అరచెయ్యి దుప్పటి మీద పరిచి ఉంది. చచ్చుబడిన కుడి చేతిని కూడా ఎలాగో లాక్కొచ్చి దాని పక్కన పెట్టుకుంది. పెదాలు శబ్దం లేకుండా కదులుతున్నాయి.

"నానమ్మ ఏం చేస్తోందే?" అంది కోడలు మెల్లగా.

చిన్నది బల్ల కింద నుంచి తల బయటపెట్టింది. "నువ్వు కత్తెర తీసినప్పుడల్లా అలాగే చేస్తుందిగా! నీకు తెలీదా అమ్మా?"

ఈ గదిలో ప్రార్థన ఎప్పుడో ఆగిపోయిందనుకుంది కోడలు. అది ఒక్క రోజు కూడా ఆగలేదు. మాటలేని మనిషి, రోజుకెన్నిసార్లో, కోడలి చేతుల కోసం అడుగుతూనే ఉంది. తను అన్నం పెట్టింది, ఒళ్లు తుడిచింది, మాత్రలు వేసింది, కానీ ఏడు నెలల్లో ఒక్కసారి కూడా ఆ ముఖంలోకి నిలిచి చూడలేదు.

వెళ్లి మంచం మీద కూర్చుంది. "పొద్దున ఎందుకు పిలిచారత్తయ్యా? నీళ్లకి కాదు కదా?"

అత్తగారి కళ్లు బల్ల వైపు తిరిగాయి. కిటికీ వెలుగులో పొరలన్నీ మెరుపు పైకే ఉండటం ఆ కళ్లు ఎప్పుడో పట్టేశాయి. కోడలు ఒక ముక్క తెచ్చి ఒళ్లో పెట్టింది. అత్తగారు దాన్ని ఒంటి చేత్తో నిలువునా సగానికి మడవబోయింది. జారిపోయింది. మళ్లీ మడిచింది. కోడలు సాయం పట్టలేదు, తొందరపెట్టలేదు, ఊరికే చూస్తూ కూర్చుంది. మడత కుదిరాక ఆ బొటనవేలి గోరు, భుజం దగ్గర ముందువైపు లోతుగా ఉన్న వంపు వెంబడే, వెనకవైపు మీద గీత గీసింది.

వెనక కూడా ముందంత లోతుగా కోస్తే రెండు వైపులూ ఒక్కటే. ఇక ఎడమా లేదు, కుడీ లేదు. చంక దగ్గర కుట్టు పావంగుళం వదిలితే బిగువూ ఉండదు.

"అయ్యో అత్తయ్యా!" అని కోడలు ఏడుస్తూ నవ్వేసింది.

ఆ రోజంతా మిషను పరుగెత్తింది, ఆమె మనసు పరుగెత్తలేదు.

ఆరింటికి వార్డెన్ ఒక విద్యార్థినిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ పిల్ల డ్రెస్సు తొడుక్కుని రెండు చేతులూ పైకెత్తింది, వంగి రోగిని లేపుతున్నట్టు చాచి చూసింది. "హాయిగా ఉంది మేడం," అంది. కోడలు జరిగిందంతా దాచకుండా చెప్పేసింది. వార్డెన్ కళ్లజోడు సవరించుకుని ఎంత వెతికినా తేడా కనిపించలేదు.

"సరే, వచ్చే వారానికి ఇంకో నలభై కావాలి. చేస్తావా? ఇప్పుడే చెప్పాలమ్మా."

నిన్నటి మనిషైతే ఆ మాట పూర్తికాకముందే తలూపేసేది.

"అత్తయ్యని అడగాలండీ."

"ఆవిడకి మాట రాదుగా?"

"రాదు. కాస్త టైం పడుతుంది, కూర్చోండి," అని కోడలు మంచం మీద కూర్చుని, సంగతి చెప్పి, అత్తగారి ముఖంలోకి చూస్తూ జవాబు కోసం ఆగింది.