బీకజాన్ మెడ

వసంతాన వచ్చే నవ్రూజ్ పండుగ ఇంకా వారం ఉందనగానే ఓతానజర్ పార పట్టుకుని ద్రాక్షతీగ మీది మట్టి తోడేసి, తీగను పందిరికి ఎత్తి కట్టాడు. ఖీవా ఊరి చలికి తట్టుకోవాలంటే ఆ తీగ నవంబరు నుంచీ మట్టి కిందే పడుకోవాలి. దాన్ని పాతడం, తీయడం ముప్పై ఏళ్ళుగా అతని భార్య బీకజాన్ పని. మల్బరీ మొగ్గ విచ్చి మంచు భయం తీరేదాకా ఆమె ఎవరినీ పార ముట్టనిచ్చేది కాదు. ఈసారి ఆమెకు మంచం దిగే ఓపిక లేదు. కడుపులో గడ్డ తీయించుకోవడానికి శనివారం తాష్కెంట్ వెళ్ళాలి. ఆలోగా పందిరి కింద కూర్చోబెట్టి ఆమె బొమ్మ గీసేయాలని అతని ఆత్రం. తిరిగొస్తుందో రాదో అన్న మాట పైకి అనలేదు గానీ, రంగులు మాత్రం అప్పుడే కలిపి పెట్టుకున్నాడు.

ఊళ్ళో పెద్దమనుషుల ముఖాలన్నీ గీసిన చెయ్యి అతనిది. సొంత భార్య ముఖమే కొరుకుడు పడలేదు. కారణం అతనికి తెలుసు, ఒప్పుకోవడానికే మనసు రాదు. కుర్రతనంలో నూకూస్ పట్నపు మ్యూజియంలో ఒక బొమ్మ చూశాడు. ఎవరో పేరు తెలియని చిత్రకారుడు గీసిన స్త్రీ, పొడవాటి మెడ, వాల్చిన కళ్ళు. ఏడాదికి రెండుసార్లు బస్సెక్కి వెళ్ళి, ఆ బొమ్మ ముందు గంటల తరబడి నిలబడి వచ్చేవాడు. బీకజాన్‌ను గీద్దామని కూర్చుంటే కుంచె ఆ మెడ దగ్గరికే పోయేది. ముప్పై ఏళ్ళలో పదకొండు బొమ్మలయ్యాయి. పదకొండూ అందంగానే ఉన్నాయి, ఒక్కటీ బీకజాన్ కాదు. ఎదురుగా ఉన్న మనిషిని చూడకుండా ఇన్నేళ్ళు ఎలా గడిపానా అని ఇప్పుడు సిగ్గుతో కుమిలిపోతున్నాడు.

బుధవారం సాయంత్రం గాలి మారి ఉత్తరం నుంచి వీచసాగింది. బీకజాన్ గోడ పట్టుకుంటూ పెరట్లోకి వచ్చి, పందిరికి కట్టిన తీగను చూసి ఆగిపోయింది.

“ఎవరు తీశారు?”

“నేనే.”

“మల్బరీ చూశావా?”

“చూళ్ళేదు. శనివారం నువ్వెళ్ళిపోతావు కదా, దీని కింద కూర్చోబెడదామని...”

“గడ్డం నెరిసింది గానీ బుద్ధి రాలేదయ్యా నీకు. రాత్రికి మంచు పడుద్ది. మొగ్గ తొడిగిన తీగ, చచ్చూరుకుంటుంది. మట్టేదీ?”

తవ్విన మట్టి అతను అప్పటికే పుచ్చపాదులకు ఎత్తిపోశాడు. తీగ విప్పి నేలన పరిచి, ఇంట్లో ఉన్న బొంతలన్నీ కప్పాడు. సగానికే సరిపోయాయి.

“నీ బొమ్మలు తీసుకురా,” అంది బీకజాన్.

“ఏ బొమ్మలు?”

“నా పేరు పెట్టి గీశావే, ఆ పొడుగు మెడావిడవి. పదకొండు మంది ఉన్నారుగా. ఒక్క రాత్రన్నా ఈ ఇంటికి పనికొస్తారు.”

ఆమెకు మొదటినుంచీ తెలుసన్నమాట. ఎదురుగా కదలకుండా కూర్చుని, తనను కానిదాన్ని గీస్తుంటే పదకొండుసార్లు చూస్తూ ఊరుకుంది. అతను బొమ్మలన్నీ మోసుకొచ్చి, ముఖాలు కిందికి తిప్పి తీగ మీద పరిచాడు.

తెల్లారేసరికి పెరడంతా తెల్లగా ఉంది. కప్పినవన్నీ ఎత్తి చూస్తే మొగ్గలు నల్లబడిపోయి ఉన్నాయి. బీకజాన్ నేల మీద చతికిలబడి, గోటితో కాండం గీకింది. బెరడు కింద పచ్చగా ఉంది.

“బతికే ఉంది. ఈ ఏడు కాయదు. పై ఏడు కాస్తుంది.”

పై ఏడు అన్నాక ఆమె ఆ గీకిన చోట మట్టి మెత్తింది.

“కాగితం తెచ్చుకో,” అంది. “గీసుకుంటూ విను. ఆకు మొత్తం రాలాకే పాతాలి, ముందు కాదు. గోడ వైపుకి మెల్లగా వంచు. విరిగేట్టుంటే ఆగు, మొండికెయ్యకు. కింద రెల్లుగడ్డి పరుచు. మట్టి మరీ తడిగా ఉంటే కుళ్ళిపోద్ది.”

అతను గీస్తున్నాడు. మెడ పొట్టిది, నరాలు తేలి ఉన్నాయి. ఎడమ కన్ను కుడిదాని కంటే చిన్నది. అది ఇన్నేళ్ళకు ఇవాళే చూశాడు. పాతేది నువ్వేగా, నాకెందుకు చెప్తున్నావని అడగబోయి ఆగిపోయాడు.

“విన్నావా?”

“విన్నా.”

“ఏదీ, మళ్ళీ చెప్పు.”

“ఆకు మొత్తం రాలాక...” అన్నాడు ఆమె మీంచి చూపు తిప్పకుండా. కాగితం మీద ఎడమ కన్ను చిన్నదిగానే దిద్దాడు.