నానబెట్టని కర్రపెండలం

"ఆదివారం మనింట్లో ఊరి పెద్దల సభ. క్వాంగాలు ఇంకాస్త ఎక్కువ చుట్టు," అన్నాడు మా ఆయన ఎకోఫో, కాగితాల్లోంచి తలెత్తకుండా. క్వాంగా అంటే కర్రపెండలం తొక్క తీయడం, చేదూ విషమూ విరిగేదాకా రోజుల తరబడి పీపాలో నానబెట్టడం, పీచు లాగడం, దంచడం, ఆకుల్లో చుట్టి ఉడకేయడం, ఇదంతా ఆయనకి "ఇంకాస్త".

ఆయన కాంగో నది ఒడ్డున ఎంబండాకాలో చరిత్ర మాస్టారు. ఊరి చరిత్ర రాస్తున్నాడు. బెల్జియం దొరల కాలంలో ఊరికి ఏ పేరుండేది, ఏ గవర్నరు ఏ వీధి వేయించాడు, అన్నీ ఉన్నాయందులో. చదివి వినిపిస్తుంటే ఉండబట్టలేక అన్నాను.

"మా అమ్మమ్మ గురించి కూడా రాయండి. రేవులో స్టీమర్లకి క్వాంగాలు అమ్మేది. ఆవిడలాంటి వాళ్ళు చుట్టకపోతే నది పొడుగునా ఆ జనం ఏం తినేవాళ్ళు?"

ఆయన నవ్వాడు, ఎప్పట్లాగే బిడ్డ పేరుతో నన్ను పిలుస్తూ. "ఇలాంగా వాళ్ళమ్మా, ఇది చరిత్ర. వంటల పుస్తకం కాదు."

ఒళ్ళు మండిపోయింది. పెళ్ళయినప్పటి నుంచీ ఇదే నవ్వు. పాఠం చెప్పొచ్చిన ఆయనది అలసట. బజార్లో చేపలమ్మి వచ్చి రోకలి పట్టుకునే నాది అలవాటు. అమ్మమ్మ అరచేతుల్లో కాయలు కాచి ఉండేవి, నావీ అలాగే ఉన్నాయి. ఆవిణ్ణి రాయమంటే వంటల పుస్తకమట!

ఆ వారమంతా పీపా బోర్లించే ఉంది. మా అత్త దాన్ని చూసింది, నన్ను చూసింది. "వానొచ్చేలా ఉంది," అని లోపలికి పోయింది.

ఆదివారం మామిడిచెట్టు కింద పెద్దలు కూర్చున్నారు. ఎకోఫో తన చరిత్ర చదివి వినిపిస్తూ గవర్నర్ల దాకా వచ్చేసరికి అందరి చూపులూ వంటింటి వైపు తిరిగాయి. ఆయన లోపలికొచ్చాడు.

"క్వాంగాలేవీ?"

"చెయ్యలేదు."

"నా పరువు తీస్తావా? దుంపలున్నాయిగా, ఇప్పుడు ఉడకెయ్!"

"నానని దుంప పెట్టి వాళ్ళని చంపుతావుట్రా?" అంది అత్త పీట మీద నుంచి.

"నువ్వైనా ముందే చెప్పొద్దూ, అమ్మా?"

"నువ్వు చరిత్ర రాసుకుంటున్నావుగా, వంటింటి సంగతులు నీకెందుకని ఊరుకున్నా."

ఆయన నోరు తెరిచేలోగా నేను చేతులు తుడుచుకుని బయటికొచ్చాను. ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. కూర్చున్నాను.

"ఈ పూట క్వాంగా లేదు. అదెవరు చుడితే ఈ ఊరు తిందో చెబుతాను. మా అమ్మమ్మ పేరు బొలుంబు. ముందు అది రాసుకోండి."