ఇసుక మూటల పక్కన

రమణికి అన్నిటికన్నా భయం ఒకటే. తను ఊరికి పోయిన రోజు కూతురు లిఖిత తన ముఖం చూసి, ఎవరో కొత్త మనిషి వచ్చిందని అవ్వ కొంగు చాటుకు పోతుందని. మిగతా భయాలన్నీ దాని పిల్లలే. ఆ భయంతోనే ఆమె శుక్రవారం పొద్దున మిష్రిఫ్‌లోని తను పనిచేసే అరబ్బుల ఇంటి ముందు గచ్చు కడుగుతోంది. రాత్రి దుమ్ముగాలి వీచింది. జల్లెడ పట్టిన పిండిలాంటి సన్నటి దుమ్ము మెట్ల మీద, కార్ల మీద, కిటికీ సందుల్లో పేరుకుంది. ఊడిస్తే పైకి లేస్తుంది, నీళ్ళు పోస్తే బురదవుతుంది. ముందు ఊడవాలా, ముందు తడపాలా అన్నది ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆమెకు తేలలేదు.

"ఏమ్మా, ఎడారిని కడిగి ఆరేస్తాండావా?"

గ్యారేజీ పక్క గది గుమ్మంలో గంగాధర నిలబడి ఉన్నాడు. ఎండిన చింతబరికె లాంటి మనిషి. ఎడమ భుజం కాస్త కిందికి వాలి ఉంటుంది. అరచేతి గీతల్లో ఏళ్ళనాటి గ్రీసు నల్లగా ఇంకిపోయింది. నడిచేటప్పుడు కాళ్ళు ఎడంగా వేస్తాడు, కింద నేల ఎప్పుడు కదులుతుందో తెలియదన్నట్టు. వయసులో ఈ ఇంటి పెద్దాయన బండ్లకు మెకానిక్‌గా వచ్చాడు. తర్వాత డ్రైవరయ్యాడు. చూపు మందగించాక తోటకు నీళ్ళు పెడుతూ, గేటు తీస్తూ ఉండిపోయాడు. ఈసారి ఆయన ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కాగితం, ఇంటివాళ్ళు కొత్తది చేయించలేదు. వయసైపోయిందన్నారు. సాయంత్రం విమానం.

"నీకేం పెద్దనాయనా, పోతాండావు, నగుతావు," అంది రమణి పైపు పక్కన పడేసి.

గదిలో అట్టపెట్టె నిండింది. దుప్పట్లు, పాలపొడి డబ్బాలు, మనవళ్ళకు బొమ్మ కార్లు. మూత మూసి, దాని మీద నల్ల సిరాతో ఊరి పేరు రాయించుకున్నాడు. కట్టడానికి ప్లాస్టిక్ దారం వెతుకుతున్నాడు. గోడకు మేకు మీద ఒక పాత తాడు వేలాడుతోంది. మోకు లాంటిది, అరిగి మెత్తబడింది, చివర ఉచ్చులాగా ముడి.

"ఆ తాడుంది గదా, దాంతో కట్టకూడదా?"

"అది పెట్టెలు కట్టే తాడు కాదులేమ్మా."

ఆమె వంగి పెట్టె మూలలు నొక్కి పట్టింది. ఆయన దారం చుట్టాడు. శుక్రవారాల్లో ఆయన ఆమె ఫోన్లోనే కొడుకుతో మాట్లాడతాడు. ఆయనది బొత్తాల ఫోను, ముఖాలు కనపడవు. అట్లా ఆయన కొడుకు రామాంజనేయులు నంబరు రమణి ఫోన్లో ఉంది. కిందటి వారం అట్లా మాట్లాడాకే, లిఖిత తనను 'ఫోనమ్మ' అంటోందని, 'అమ్మా' అని మాత్రం అవ్వనే పిలుస్తోందని ఆమె చెప్పుకుంది. అప్పుడాయన ఒక సంగతి చెప్పాడు.

"నేను మొదటి సెలవుకు పోయినప్పుడు మావోడు నన్ను సూసి మంచం కిందికి దూరినాడు. ఎంత పిలిసినా రాడే. జోబీలోంచి బండి ఫోటో తీసి మంచం కిందికి పెట్టినా. అప్పుడొచ్చినాడు. బండిని సూసి వచ్చినాడమ్మా, నన్ను సూసి కాదు. ఏదో ఒగటి, వచ్చినాడు గదా."

ఆ మాట రమణిలో ఉండిపోయింది. ఎందుకుండిపోయిందో ఆమెకే తెలియదు. తన దగ్గర బండి లేదు, బండి ఫోటో లేదు.

లోపలి నుంచి మామా పిలిచింది. ఇంటి యజమానురాలిని ఇక్కడ అట్లే అంటారు. స్టోర్‌రూములో పాత బిస్కట్ల డబ్బా ఉంది, తెమ్మంది. మధ్యాహ్నం భోజనానికి కొడుకులు, కూతుళ్ళు, వాళ్ళ పిల్లలు వస్తారు. డబ్బాలోని ఫోటోలను ఫోన్లలో దింపి పెద్ద టీవీలో వేసి పెద్దబాబాకు చూపిస్తారట. పెద్దబాబా అంటే మామా వాళ్ళ మామగారు. చక్రాల కుర్చీలో ఉంటాడు. మతిమరుపు పట్టుకుంది. పాత ఫోటోలు చూపిస్తే మనుషులు గుర్తొస్తారని ఎవరో డాక్టరు చెప్పాడు.

రమణి ఫోటోలను మెత్తటి గుడ్డతో తుడిచి భోజనాల బల్ల మీద పరిచింది. అన్నీ ఎడారి పందేల బండ్లే. వెనక తొట్టి ఉన్న పాత అమెరికా బండ్లు. వానేత్ అంటారు ఇక్కడ. తలుపులు పీకేసి ఉన్నాయి. హెడ్‌లైట్ల మీద అడ్డంగా నిలువుగా టేపు అంటించారు. పక్కన తెల్లటి వలయంలో నంబరు. ఒకదాంట్లో బండి ముందుచక్రాలు గాలిలో ఉన్నాయి, కింద ఇసుక లేచి ఆకాశం కనపడలేదు. ఒకదాంట్లో గుడారాల ముందు కోటు చేతులు మడిచిన పడుచువాడు, పెద్ద కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని నవ్వుతున్నాడు. అది పెద్దబాబా అంటే ఆమె నమ్మలేకపోయింది. పొద్దునే ఆ గడ్డం మీది గంజి తుడిచింది తనే.

మామా ఒక ఫోటో మీద గోరు పెట్టింది. "గంగా," అంది. "చూడు, ఎంత సన్నగా."

బండి ఇసుకదిబ్బ ఎక్కుతోంది. స్టీరింగు దగ్గర కళ్ళద్దాల పెద్దబాబా. వెనక తొట్టిలో మూటలు, మూటల పక్కన తలకు తువాలు చుట్టుకున్న మనిషి. ముఖం సగం దుమ్ములోనే ఉంది కానీ, ఎడమ భుజం వాలి ఉంది. రమణికి సంతోషమైంది. రేపు ఆయన ఇంటికి పోతాడు. మనవళ్ళు ఎన్నడూ ఆయన్ను దగ్గరగా చూసి ఎరగరు. ముందే ఈ ఫోటోలు చూస్తే మంచం కిందికి దూరరు గదా. ఆయన ఉన్నవి ఏరి, తన ఫోన్లో తీసి, రామాంజనేయులుకు పంపింది. 'మీ నాయన ఫోటోలప్పా, పిల్లోళ్ళకు సూపీ' అని మాట రికార్డు చేసి పెట్టింది. మంచి పని చేశాననుకుంటూ సలాడ్ కోయడానికి పోయింది.

మధ్యాహ్నం ఇల్లు నిండింది. అన్నం, మాంసం ఉన్న పెద్ద పళ్ళెం మధ్యలో పెట్టి రమణి గోడ పక్కన నిలబడింది. టీవీలో ఒక్కొక్క ఫోటో పడుతోంది. మనవడు పెద్దబాబా కుర్చీ పక్కన కూర్చుని వేలితో చూపించి అడుగుతున్నాడు. తమ్ముణ్ణి చూపించారు. పెద్దబాబా గుర్తుపట్టలేదు. చిన్నప్పటి సొంత కొడుకును చూపించారు. ఆ కొడుకు ఎదురుగానే ఉన్నాడు. పెద్దబాబా ఇద్దర్నీ చూసి తల అడ్డంగా తిప్పాడు. నవ్వులు తగ్గిపోయాయి. ఎవరో కాఫీ పొయ్యమన్నారు.

అప్పుడు ఆ ఫోటో పడింది. పెద్దబాబా చెయ్యి కుర్చీ మీంచి లేచింది. వెనక తొట్టిలో మనిషిని చూపించి ఒక మాటన్నాడు.

ఇల్లంతా గొల్లున నవ్వింది. మామా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది, గుర్తొచ్చిందని. రమణికి ఆ అరబ్బీ మాట తెలియలేదు. ఆమె మొహం చూసి మామా రెండు చేతులతో మూటెత్తినట్టు చూపించి, "వజన్, వజన్," అంది.

బరువు. ఎవరని అడిగితే పెద్దబాబా బరువన్నాడు.

గంగాధరను పిలిచారు. ఆయన చెప్పులు బయటే వదిలి గుమ్మంలో నిలబడి టీవీ చూశాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆయనా నవ్వాడు. పడిపోలేదా అని పిల్లలు అడిగితే నడుముకు తాడు కట్టుకున్నట్టు చూపించాడు. మళ్ళీ నవ్వారు. టీవీ పక్కన నిలబెట్టి ఫోటో తీసుకున్నారు. ఎవరి నవ్వులోనూ చెడు లేదు. అయినా తను నవ్వాలో వద్దో రమణికి తెలియక, కాఫీ కప్పులు తీసుకుని వంటింట్లోకి పోయింది.

పళ్ళెంలో అన్నం పెట్టుకుని గ్యారేజీ గదికి పోయినప్పుడు ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"బరువంటే ఏంది పెద్దనాయనా?"

"వెనక తొట్టి తేలిగ్గా ఉంటే చక్రం ఇసకలో పట్టదమ్మా, ఉత్తినే తిరుగుతాది. అందుకని పందెంలో ఇసక మూటలేసేవాళ్ళు. ఒగసారి దావలో మూట పగిలింది. పెద్దబాబా నన్ను ఎక్కమన్న్యాడు. ఆ పొద్దు గెలిసినారు. ఇంగ అప్పట్నుంచి నేనే." పళ్ళెం అందుకుంటూ నవ్వాడు. "మూట కన్నా నేనే మేలంట. బండి ఇరుక్కుంటే మూట దిగి తొయ్యదు గదా."

రమణి కూడా నవ్వింది. ఆ నవ్వులోనే చెప్పేసింది. "ఆ ఫోటోలు మీ ఇంటికి పంపిచ్చినా. పొద్దున్నే."

ఆయన చెయ్యి అన్నంలో ఆగింది. "ఏ ఫోటోలు?"

చూపించింది. ఆయన ఫోను కళ్ళకు దగ్గరగా, దూరంగా పెట్టి చూశాడు.

"మా ఇంట్లో ఒగ ఫోటో ఉంది," అన్నాడు. "పటం కట్టించి గోడకేసినారు. నేను స్టీరింగు పట్టుకోనుంటా. పెద్దబాబా నమాజుకు పోయినాడు, కూడా పనిచేసే మలయాళీ ఆయన కూర్చో తీస్తానన్న్యాడు, కూర్చున్న్యా. బండికి తాళం కూడా లేదు. నేనే తోల్తానని ఏ పొద్దూ చెప్పలా. వాళ్ళనుకున్న్యారు. నేను కాదనలా. ఇప్పుడు పిల్లోళ్ళు బళ్ళో చెప్తారంట, మా జేజినాయన రేసు బండి తోలినాడని."

"తుడిచేస్తా పెద్దనాయనా." రమణి ఫోను లాక్కుని చూసింది. నీలం గీతలు రెండూ పడి ఉన్నాయి. చూసేశారు. ఇప్పుడు తుడిస్తే, ఎందుకు తుడిచావని అడుగుతారు. తుడవకపోతే ఉంటాయి. ఆమె వేలు అద్దం మీద అటూ ఇటూ పోయింది.

"దాంట్లో నా మొగం తెలుస్తాందా?"

"దుమ్ము. తువాలుంది. భుజం మాత్రం…"

"భుజాన్ని ఎవురు సూస్తారులే." ఆయన అన్నం కలిపాడు కానీ తినలేదు. "నువ్వు మంచికే పంపినావు. పోమ్మా, లోపల పిలుస్తారు."

పక్కింటి డ్రైవర్ ముజీబ్ కారు తెచ్చాడు. పెట్టె ఎక్కించారు. మామా ఒక సెంటు సీసా, కొత్త దుప్పటి ఇచ్చింది, కళ్ళు చెమర్చాయి. గంగాధర పెద్దబాబా ముందు వంగి చెయ్యి పట్టుకున్నాడు. పెద్దబాబా ఆయన్ను గుర్తుపట్టాడో లేదో చెప్పలేం. చెయ్యి వదల్లేదు. వాళ్ళిద్దరి మధ్య నడిచే వచ్చీరాని ఉర్దూలో, రమణికి కూడా అర్థమయ్యే మాటల్లో, "వెనక ఎక్కు గంగా. బండి తేలికైపోయింది," అన్నాడు.

గంగాధర వేళ్ళు ఒక్కొక్కటే విడిపించుకున్నాడు.

గేటు దగ్గర రమణికి ఒకటే గుర్తొచ్చింది. "పెద్దనాయనా, ఆ తాడు? మేకుకే ఉంది."

"ఇంగ యాడ కట్టుకుందునమ్మా," అని కారెక్కాడు. ముందు సీటులో, బెల్టు పెట్టుకోవడం తెలియనట్టు కాసేపు తడుముకున్నాడు. ముజీబ్ వంగి పెట్టాడు.

గిన్నెలు కడుగుతుండగా ఫోను మోగింది. రామాంజనేయులు మాట పంపాడు. వెనక పిల్లల అరుపులు.

"అక్కా, ఫోటోలు సూసినాం. ఇంటినిండా జనమే. బండి తోలే కళ్ళద్దాలాయన నాయనే గదా? పిల్లోళ్ళు పందెం ఏసుకున్న్యారు. వెనకాల మూటల పక్కన కూలోడెవరో కూకోనుండాడే, ఆయప్ప ఎవురు?"

రమణి చేతులు తుడుచుకుని మళ్ళీ విన్నది. మళ్ళీ విన్నది. గంగాధర నంబరుకు చేసింది, స్విచాఫ్. అవును అంటే అబద్ధం, అది ఆయన ఇంటికి చేరేసరికి ఆయన మోయాల్సిన అబద్ధం. కాదు అంటే తను ఎవరు చెప్పడానికి. కొడుకు తండ్రిని చూసి కూలోడెవరో అన్నాడు. ఆ మాట తను విన్నదన్న సంగతి ఆయనకు తెలిస్తే ఎట్లా ఉంటుంది? తెలియకపోతే ఎట్లా ఉంటుంది? సింకులో నురగ కరిగిపోయింది. చివరికి, "రేపొస్తాడు గదప్పా, ఆయన్నే అడుగు," అని పంపింది. నీలం గీతలు పడ్డాయి. జవాబు రాలేదు.

తర్వాతి శుక్రవారం రామాంజనేయులుకు ఫోను చేస్తే మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఆ తర్వాత మోగడమూ మానేసింది. ఇంటికి చేరినోళ్ళు ఇక్కడోళ్ళను మరిచిపోవడం మామూలేనని ముజీబ్ అంటాడు. అదే అయి ఉండాలని రమణి కోరుకుంటుంది. లిఖితకు ఇప్పుడు ఆమె ఏ ఫోటో పంపదు. ఫోన్లో ముఖమే చూపిస్తుంది, దుమ్ము కడుక్కుని, లైటు కింద నిలబడి.

మీలో ఎవరైనా లక్కిరెడ్డిపల్లె పక్కకు పోతుంటే, దావలో రామాంజనేయులు ఇల్లు అడగండి. గోడకు రేసు బండి పటం ఉన్న ఇల్లంటే చెప్తారు. పటం ఇంకా ఉందో లేదో మాత్రం తెలియదు. ఎడమ భుజం వాలిన ముసలాయన ఆ ఇంట్లో ఉన్నాడా, తింటున్నాడా, పిల్లలు దగ్గరికొస్తున్నారా, ఒక్కసారి తొంగిచూసి రండి. అడక్కపోయినా ఆయనకు ఈ మాట చెప్పండి: గ్యారేజీ గదిలో మేకుకు ఆ తాడు అట్లే వేలాడుతోంది, సన్నటి నడుముకు సరిపోయేంత ముడితో, దుమ్ము పట్టి.